కూర్చున్న చోటి మైళ్ళు

లైనింగు గుడ్డ ముక్క మీద సుద్దతో గీసింది మాబున్ని.
ఇది కడప.
ఇది పెన్న, ఇప్పుడు నీళ్ళున్నాయంట.
ఇది బస్సు దిగే సిద్ధవటం.
అక్కడ సుద్ద ఆగిపోయింది.
"ఇంక లంకమల" అని
మిగిలిన గుడ్డనంతా అరచేత్తో చూపించింది.

వైవీ స్ట్రీట్‌లో, మేడ మీద, రేకుల కింద
నాలుగు మిషన్లు, నలుగురు ఆడోళ్ళం.
పద్దెనిమిదేండ్లుగా తొక్కుతానే ఉన్నాం.
ఎన్ని మైళ్ళు తొక్కింటాయో ఈ కాళ్ళు,
ఎదురుగోడ మీది క్యాలెండరు వైపు
ఒక్క జానెడు కూడా జరగలేదు.

ఆదివారం పన్నెండు కిలోమీటర్లు.
పోను ఆరు, రాను ఆరు.
"అంటే ఎన్ని జాకెట్లు?" అనింది ఓబుళమ్మ.
నవ్వినాం గానీ లెక్క కూడా వేసినాం:
చేతులు, మెడ, అంచు, హుక్కుల పట్టీ,
పెండ్లిళ్ళ కాలంలో ఐతే ఒక పూట తొక్కుడు.

మాబున్ని కొడుకు ఏడో క్లాసు పుస్తకం తెచ్చి తెరిచినాడు.
ఆకు మీద ఆకు, దాని మీద ఇంకో ఆకు,
నేలకు ఎండే తగలని వానడవి.
"మీరు పోయేది ఇట్లాంటిదేనా?"
కాదు నాయనా,
మనది వాన కోసం కాసుకోని ఉండే అడవి.
బండలు, కలివి పొదలు, ఎర్రచందనం,
నీళ్ళడగడం మానుకున్న చెట్లు.
అయినా పోయిన వారం మూడు దినాలు కురిసింది కదా,
ఈ ఒక్క నెలా దాన్ని వానడవి అంటే
ఎవరు అడ్డం చెబుతారు?

దోవ చూపించే గురవయ్య ఫోన్లో గట్టిగా మాట్లాడతాడు,
అవతలి కొండకు చెప్పినట్టు.
ఆరుకంతా చెక్‌పోస్టు కాడ ఉండాల.
ఆధార్ జిరాక్సులు మర్చిపోవద్దు.
తేనెటీగలుంటాయి, సెంటు పూసుకోవద్దు.
కత్తులు, కొడవండ్లు తేవద్దు.
"కత్తెర?"
"కత్తెర ఎందుకక్కా అడవిలో?"
ఏమో. ఎందుకు అడిగినామో మాకే తెలీదు.
"మరి ఉల్లిగడ్డ ఎట్ల తరిగేది?"
"పిడికిలితో ఒక్కటి గుద్దండి."

జొన్నరొట్టెలు ఎనిమిది.
కాదు, పన్నెండు. గురవయ్య కూడా తింటాడు.
ఊరిమిండి నాది, నీళ్ళు ఎవరివి వాళ్ళవి.
సలోమికి మోకాలు నొప్పి,
చెక్‌పోస్టు దాకా వచ్చి అక్కడే ఉంటానంటాది.
"కూర్చోవడం నాకేమన్నా కొత్తా?
ప్రార్థన కూడా చెట్టు కిందే కానిస్తా."

ఆఫీసు కాగితంలో ఒక గడి.
ప్రవేశించుటకు గల ఉద్దేశము.
నలుగురమూ దాని మీదికి వంగినాం,
చేతి దగ్గర గుడ్డ తక్కువ పడితే వంగినట్టు.
"విహారము" అని రాయమనింది సలోమి.
"మొక్కుబడి అను, ఇంకేం అడగరు" అనింది ఓబుళమ్మ.
"కలివికోడిని చూడ్డానికి" అన్నాడు పిల్లోడు.
అది రాత్రి పక్షిరా,
ఏండ్లకేండ్లు కాసుకున్నోళ్ళకే కనపడలేదంట.
పగలు పోయి పగలు వచ్చే మాకు
పొద కదిలినా చాలు.
చివరికి నేనే రాసినా: నడుచుటకు.
అది చూసి ఆ సారు ఏమంటాడో.
ఇంకా సంతకం కాలేదు.

శనివారానికి సేటు ముప్పై జాకెట్లు అర్జెంటంటాడు,
ప్రతి శనివారమూ అర్జెంటే.
వాటి మధ్యనే సంచులు కుట్టుకున్నాం,
ఎవరో పెండ్లికూతురి పట్టు ముక్క,
బడి యూనిఫారం, కిటికీ పరదా, అన్నీ కలిపి.
నా సంచికి లోపల చిన్న జేబు వేసుకున్నా.
అడవిలోనించి ఎండుటాకు కూడా తేకూడదన్నాడు గురవయ్య.
సరే అన్నా.
జేబు మాత్రం విప్పలేదు.

రాత్రి పడుకున్నాక
దుప్పటి కింద కుడికాలు దానంతట అదే ఆడతాంది,
మడమ, మునివేళ్ళు, మడమ.
ఆగే, అన్నా దాంతో.
ఇప్పుడే ఏమి తొందర,
నువ్వు పోవాల్సింది ముందుకు.