ఎడమ సీటు

బోర్జోమిలో పొద్దున ఎనిమిదికి, హోటల్ మెట్ల కింద
అట్టముక్క మీద పేరు రాసి పట్టుకుని నిలబడతాను.
ఈవేళ పేరు చినాత్సు.
అట్ట తిప్పితే నిన్నటి పేరు.
రేపటికి ఇంకో అట్ట కోయాలి.

ఊటనీళ్ళ ఊరి నుంచి సముద్రపు ఊరికి, బతూమికి,
ఐదు గంటలు. ధర ముందే మాట్లాడుకున్నది.
నీళ్ళ సీసా నా లెక్కలో.
దారిలో ఎక్కడ ఆపమన్నా ఆపుతాను.
అందరూ ఆపమనేది ఒకందుకే, అది ఏ పొద చాటునైనా అవుతుంది.

తాళం తిప్పగానే నా కారు మాట్లాడుతుంది
జపాను భాషలో, ఒక ఆడగొంతుతో,
ఒకే ఒక్క వాక్యం.
పోతీ రేవులో ఓడ దిగిన నాటి నుంచి పదకొండేళ్ళు, అదే వాక్యం.
దీవెన అనుకునేవాణ్ణి నేను.
"నీ రెండో పెళ్ళాం తిడుతోందయ్యా, ఏదో మర్చిపోయావట"
అనేది ఎతేరి.

అక్కడి కారు కనక స్టీరింగు కుడిపక్క.
మా రోడ్డు మీద బళ్ళు నడిచేదీ కుడిపక్కే.
ముందు లారీ ఉందంటే నాకు కనిపించేది
దాని వెనక తలుపులు, వాటి మీద దుమ్ము,
దుమ్ములో ఎవడో వేలితో రాసిన బూతుమాట.
ఎదురేమొస్తోందో తెలిసేది
ఎడమ సీటులో కూర్చున్నవాళ్ళకే.

మొదటి మూడేళ్ళూ ఆ సీటు ఎతేరిది.
కిటికీలోంచి మెడ చాచి "ఆగు" అనేది,
"ఆగు, ఆగు",
తర్వాత "ఊఁ".
ఆ ఒక్క ఊఁ మీద ఎన్ని లారీలు దాటానో!
ఆమె రొట్టెల పొయ్యి పెట్టుకుంది,
సీటు కిరాయికి పోయింది.

చినాత్సు వెనక కూర్చోలేదు.
వాళ్ళ ఊళ్ళో అలవాటేమో, ఎడమ తలుపే తీసింది.
కారు తన వాక్యం చెప్పింది.
ఆమె ఫక్కున నవ్వింది.
"ఏమంటోంది?"
"కార్డు పెట్టలేదంటోంది. మా దేశంలో టోల్ గేటు కార్డు."
"పదకొండేళ్ళుగానా?"
వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం లెక్క సరిచూసుకున్నాం.
పదకొండేళ్ళుగానే.

సూరామి వచ్చేసరికి చాలామందికి కునుకు పడుతుంది.
రోడ్డు వార తెల్లకోట్లు తొడుక్కున్న ఆడవాళ్ళు
ఎండుద్రాక్ష, దాల్చినచెక్క వేసి కాల్చిన నజూకీలు పట్టుకుని
వచ్చే ప్రతి కారుకీ ఒకేలా చెయ్యూపుతారు.
ఏడో ఆవిడ ఎతేరి.
ఒకసారి హారన్ కొడతాను. చెయ్యి లేస్తుంది.
నాకా, కారుకా? ఎనిమిదేళ్ళుగా అడగలేదు.

"ఎవరు?" అంది చినాత్సు.
మా ఆవిడ అని చెప్పేలోగా ఊరు అయిపోయింది.
మా ఊరు అంతే పొడవు.

రికోతి ఎక్కుతుంటే ముందు పుచ్చకాయల లారీ,
ముసలి గాడిదలా నింపాదిగా.
"ఏమన్నా వస్తోందా?"
ఆమె బెల్టు గట్టిగా పట్టుకుని తల వంచి చూసింది.
"ఆగు" అన్నట్టు అరచెయ్యి.
బస్సు పోయింది. మళ్ళీ అరచెయ్యి. రెండు కార్లు.
తర్వాత, గొంతులోంచి, చిన్నగా, "ఊఁ".
ఏ భాషదో ఆ మాట. నేను మాత్రం దాటేశాను.

బతూమిలో పెట్టె దించాను. నడుం వంచి దణ్ణం పెట్టింది.
సముద్రం ఆ వీధి చివరే అన్నారు.
ఎప్పుడూ అంటారు. పెట్రోలు పోయించుకుని వెనక్కి తిప్పాను.

తిరుగుదారిలో ఎడమ సీటు ఖాళీ.
ఇసుక లారీ దొరికితే దాని వెనకే వస్తాను,
అది ఆగితే ఆగి, అది కదిలితే కదిలి,
కొండ మొత్తం.

రాత్రి పదకొండుకి సూరామి.
తెల్లకోటు మడిచి చంకన పెట్టుకుని
అమ్ముడుపోని రెండు రొట్టెలతో ఎక్కింది ఎతేరి.
ఇల్లు మూడు వందల గజాలు.
ఇంజను ఆపేసి అడిగాను:
"పొద్దున చెయ్యూపావే, అది నాకేనా?"

రొట్టె ముక్క నోట్లో వేసుకుని ఆలోచించింది.
"నువ్వు ఎప్పుడెళ్ళావు?"

తాళం తిప్పాను.
కార్డు లేదంది కారు.