మాలక్ అనే గడి

బల్లార్షాల మొదలు కడిగిన నీళ్లు నల్లగ పోతయి,
ఆ తర్వాతనే ఎర్రగ.
ఏ కుక్కదైనా, ఏ లేగదైనా
గాయం మీద ముందు బొగ్గే ఉంటది.
బొగ్గు పోయినంక తెలుస్తది
పుండు ఎంత లోతో.

పేపర్ మిల్లు ఎనుక రేకుల షెడ్డు మాది,
వెదురు లారీలు ఖాళీ అయ్యే జాగకు దగ్గర.
మిల్లు వాసన, టర్పెంటైన్ వాసన,
పార్వో తగిలిన పిల్లల వాసన
మూడూ కలిసి నా కొంగుల కాపురం పెట్టి
పదకొండేండ్లు.
బస్సుల పక్కసీటామె లేచిపోతే
నేను కాళ్లు చాపుకుంట.

డాక్టర్ దేవతళె మరాఠీల చెప్తడు.
నేను తెలుగుల తిట్టుకుంట కట్టు కడ్త.
కుక్కలకు రెండూ వస్తయి.

ఒకనాడు ఎద్దు కొమ్ము మొదట్ల పురుగులు తీసుకుంట
నూటా నలభై దాక లెక్కపెట్టిన.
పుణ్యానికి కాదు.
లెక్కపెడితే చెయ్యి వణకది, గంతే.

మే నెల. రెండో పాళీ సైరన్ అయినంక
గేటు ముందట ఒక టిప్పర్ ఆగింది.
ఇక్కడ టిప్పర్లు ఆగవు.
గుద్దినయి అసలే ఆగవు.
ఇంజన్ బంద్ చెయ్యకుండనే దిగిండు
మంథని దిక్కు మనిషి.
చేతులల్ల తువ్వాల, తువ్వాలల కుక్క.
"నా బండి కిందనే పడ్డది"
అన్నడు, ఠాణాల నిలబడి ఒప్పుకున్నట్టు.

డాక్టర్ ఎనుక కాలి వేళ్లను పట్టుకారుతోని నొక్కిండు.
ఇంకెవరి కాలో నొక్కుతున్నట్టు
కుక్క అటు చూసింది.

"కణా తుటలా."
ఈయనకు చెప్పు అన్నట్టు నా దిక్కు తిరిగిండు.
నడుము ఇరిగిందన్న, అని చెప్పిన.
ఆయన మొఖం తేటగైంది:
"నాది గూడ ఇరిగిందక్కా,
పన్నెండు గంటలు సీట్ల కూసునుడు గదా.
పట్టీ ఏస్తే సర్దుకుంటది."

మనం రోజూ వాడి వాడి అరగదీసిన మాట అది.
నాట్లేసినామె అంటది, బియ్యం బస్తా దించినోడంటడు,
నేనే అంట, పొద్దుగూకంగ.
నిజంగ ఇరిగిన నడుముకు చెప్పెటానికి
నా తాన ఏం మిగల్లేదు.
ఆయన చెయ్యి పట్టుకొని ఆయన వెన్ను మీదనే చూపించిన.
ఈడ. ఈ పూస.
ఇంక లేవది.

చాలాసేపు టిప్పర్ ఒక్కటే మాట్లాడింది.
"మందు లేదా?"
ఉంది. ఒక్కటే ఉంది.

రిజిస్టర్ తెరిచిన.
తారీఖు. కుక్క. ఆడది. రంగు, కడిగినంక తెలుపు.
మాలక్ అనే గడిల అడ్డగీత గీయబోయిన,
ఎప్పటి లెక్కనే.
"అదేంది, అది ఖాళీ పెడుతున్నవ్?"
మాలక్, అంటే దీని మనిషి ఎవరని.
ఊరకుక్కకు ఎవరుంటరన్న?

చేతిని ప్యాంటుకు తుడుచుకొని
పెన్ను గుంజుకున్నడు.
మరాఠీ అక్షరాల నడుమ
ఒక్క వరుస తెలుగు.
దుర్గం గట్టయ్య.
గనిల జీతం రాయించుకునే సంతకం గావచ్చు,
రెండుసార్లు దిద్దిండు.
పక్కన పేరు గడి గూడ ఖాళీనే.
దాన్ని జరసేపు చూసి
"పిలిచేటంత టైం ఏడుంది" అని ఇడిసిపెట్టిండు.

ముందుకాలు గొరిగి, నరం దొరకబట్టి
నేను బొటనవేలు అదిమి పెట్టిన.
తల పట్టుకో అంటే ఒళ్లె పెట్టుకున్నడు.
కుక్క తోక ఊపాలనుకున్నది.
ఆ మాట నడుము కాడికొచ్చి
అక్కడనే ఆగిపోయింది.

తువ్వాల తీసుకపోలేదు.
మూడు నీళ్లకు గూడ అది తెల్లగ కాలేదు.
ఇప్పుడు పిల్లి పిల్లల కింద పరిచి ఉంది.

నెలాఖరుకు చంద్రాపూర్ నుంచి ఆఫీసరొచ్చి
అడ్డగీతల మీద వేలు జారించుకుంట, జారించుకుంట
ఒకచోట తట్టుకున్నడు.
"హే కాయ లిహిలంయ్?"
చదివి చెప్పిన.
మాలక్ హోతా కా, అని అడిగిండు, నమ్మనట్టు.
హో సాబ్ అన్న. పావుగంట.

ఆయన ఇంకేదో అడిగిండు గని
బయట లేగ అరుస్తుండె.
టర్పెంటైన్ సీస మూత ఏడ పెట్టిన్నో
ఎతుక్కుంట లేచిన.