పచ్చగోలి

చండూరు బస్టాండు ముంగట
నాది పదడుగుల మందుల దుకాణం.
ఈడ మందులకు పేర్లుండవు:
"తెల్లగ, గుండ్రంగ, నడుమ గీతుంటది సూడు, అది."
"మొన్న మా అత్తకిచ్చినవే, గదే."

బీపీ గోలి మొదలువెట్టిన కాన్నుంచి
ముత్తిలింగానికి పొడిదగ్గు.
రాత్రంత ఆయనతోని మంచం గూడ దగ్గేది.
టీబీ అనుకొని చెంబు ఏరుగ పెట్టింది కోడలు,
మనుమరాలిని ఒళ్లెకు పోనియ్యలె.
నాలుగు నెలలు.
గోలి మారిస్తే పదిహేను రోజులల్ల దగ్గు పోయింది.
చెంబు మాత్రం ఇంకా అరుగు మీదనే ఉన్నది.

సుగుణ వచ్చి, గిరాకి పోయేదాక ఆగి,
నాకు కాదు, గల్లపెట్టెకు చెప్పింది:
కడుపుతోటోళ్ల గోలీలు మింగినప్పటిసంది
దొడ్డికి బొగ్గులెక్క పోతున్నదని,
లోపట రగతం కారుతున్నదేమోనని.
"ఏం కాదమ్మా, అది ఇనుము."
"ఇనుమా!
మా ఆయనది వెల్డింగు షాపే అన్నా,
ఇంట్ల ఇనుముకు తక్కువున్నదా?"
నవ్వుకుంట పోయింది.

కొన్ని డబ్బలల్ల ఒక కాగితముంటది,
మడత మీద మడత.
విప్పితే చీమల బారు.
ఎందుకు మింగాల్నో రెండు లైన్లు,
మింగితే ఏమైతదో రెండు దిక్కుల.
పల్లీల జానీమియా వాటిని పొట్లాలకు తీస్కపోతడు.
ఊరు ఉప్పు నాక్కుంట పారేస్తది.

మన్నెమ్మ పచ్చగోలి మనిషి.
నలభై ఏండ్లు బోరునీళ్లు తాగిన బొక్కలు.
మోకాళ్లు రెండూ ఒకదాన్నొకటి అలిగినట్టు
చెరో దిక్కు వంగినయి.
రోజుకు రెండు, నాటేసే రోజుల్ల మూడు.
"ఇది మింగితే బిడ్డా,
కాళ్లు ఎవరియో అరువు తెచ్చుకున్నట్టుంటది."
చీటీ ఉన్నదా అని నేనడగలె.
తొమ్మిదేండ్లు అడగలె.
ఆమె కొంగుముడి విప్పేలోపే
పట్టీ కత్తిరించి పెట్టేటోణ్ని.

మొన్న మొఖం ఉబ్బి వచ్చింది.
పాదం మీద వేలుతోని ఒత్తుకొని చూపిచ్చింది,
గుంట పడ్డది పడ్డట్టే ఉన్నది.
నల్లగొండ దవాఖాన కాగితం
అద్దం మీద పరిచి
"ఏం రాసిండ్రు సూడు" అన్నది.
క్రియాటినిన్ ఆరు దాటింది.
కిడ్నీలు అని చెప్పిన.
ఎందుకు అని ఆమె అడగలె.
ఆ చీమల బారు చదివినోణ్ని
ఈ బజార్ల నేనొక్కణ్నే.

"సరే గని, మోకాళ్లు గుంజుతున్నయి,
పచ్చగోలీలు ఓ నాలుగియ్యి."

"లేవు" అన్న.

నా వెనుక అరల
పచ్చడబ్బలు వరుసగ ఉన్నయి.
ఆమె చూసింది.
ఆమె చూసుడు నేను చూసిన.

కొంగు ముడేసుకుంట అన్నది,
నన్ను కాపాడినట్టు:
"రేపొస్తయేమో తీ, బిడ్డా."