మక్తల్ డేరాల సిల్వానో

కృష్ణా స్టేషన్ల డబ్బాలు మారినయి.
మాకు రావాల్సిన కత్తియుద్ధాల బొమ్మ రాయచూరు దిక్కు పోయింది,
ఎవరికో పోవాల్సిన ఇటలీ బొమ్మ
మక్తల్ టూరింగ్ డేరాకొచ్చింది.
బెంచి రూపాయి, నేల ఆఠానా.
పైసలు వాపసియ్యనని గుర్నాథ్ సేటు,
లేచేది లేదని జనం.

అప్పుడు పిలిచిన్రు ఆశప్పను.
పొద్దున రిక్షాల మైకు పట్టి బొమ్మ పేరు ఒర్లేటాయన,
పొద్దూకినంక గేటు కాడ చిట్టీలు చింపేటాయన.
"నాకా బాస రాదు గదా సేటూ."
"మరి వాళ్లకొస్తదా?"

తెర పక్కన స్టూలెక్కి నిలవడ్డడు.
తెర మీద బక్కపలచటి మనిషి, గద్దముక్కు,
మోకాళ్ల కాడ మాసిన పాయింటు,
రొట్టె కొరుక్కుంట ఏదో వాదిస్తున్నడు.
ఆశప్ప శానాసేపు సూసిండు.
"వీడు మేస్త్రి కొడుకు," అన్నడు మైకుల.
"చేతులు సూడున్రి. సున్నం తిన్న చేతులు."

డేరా నోరు మూసింది.

అక్కడ నవ్వితే ఇక్కడ అప్పు పుట్టింది.
అక్కడ ఆడమనిషి తలుపేసుకుంటే
ఇక్కడ నారాయణపేట చీర బాకీ.
ఆపరేటరు నాలుగో రీలు ముందేసి మూడోది తర్వాతేసినా
ఆశప్ప తడబడలే.
"సచ్చినోడు పెండ్లాం కలల కొచ్చిండు," అన్నడు.
నా పక్కన ముసలామె ముక్కు చీదింది.

ఒక్క ముచ్చట మాత్రం కథల కలువనిది.
ప్రతి సీను ఆఖర్ల ఆ మనిషి
మన దిక్కు గాదు, జరంత పక్కకు సూస్తడు.
"మంచిగ చేసిననా అని అడుగుతున్నడు,
ఆడ చెప్పేటోడు ఎవ్వడు లేడు."

ఇరవై రెండేండ్లకు
పాలమూరు గ్రంథాలయంల, అట్ట ఊడిన పత్రికల
ఆ ముక్కు దొరికింది.
సిల్వానో బెర్తీ. నటుడు, దర్శకుడు.
తొమ్మిది బొమ్మలు తీస్తే ఏడు మునిగినయి.
తన వేషం తనే కట్టి, తన షాటుకు తనే కట్ చెప్పి,
ఆఖరికి కెమెరా అమ్మి కిరాయి కట్టిండు.
తండ్రి చేపలు పట్టేటోడు.
చేతుల సున్నం మేకప్పు.
కెమెరా పక్కన ఎప్పుడూ ఒక ఖాళీ కుర్చీ ఏయించేటోడట.
ఎవరికోసమో రాయలే.

మక్తల్ బస్టాండుల పల్లీలు అమ్ముతున్నడు ఆశప్ప.
గొంతు పోయింది, సైగలే ఎక్కువ.
అంతా సదివి వినిపించిన.
"మేస్త్రి కొడుకే," అన్నడు పీలగ.
"రాసినోడు తప్పు రాసిండు."

పల్లీల పొట్లం చుట్టుకుంట చుట్టుకుంట ఆగిండు.
"తొమ్మిదా?
నేనొక్కటే చెప్పిన.
మిగిలిన ఎనిమిది ఎవరు చెప్పిన్రో."