యూనిట్ ఏడు: గోప్యత

పేరు రాయకూడదు.
వర్క్‌బుక్ మొదటి పేజీలోనే లావుపాటి అక్షరాల్లో ఉంది.
మిస్టర్ డబ్ల్యూ అని రాయాలి,
లేదంటే "నేను సాయం చేసే వ్యక్తి" అనాలి.
గ్రిమ్స్‌బీలో ఇంకా తెల్లారని ఏడుంపావుకి
ఆ వ్యక్తి వీపు మీద సబ్బు నురగ
నేనే తుడుస్తుంటాను.

లెవెల్ టూ డిప్లొమా, నలభై ఒకటో ఏట.
పొద్దుట్నుంచీ పదమూడు ఇళ్లు, రాత్రికి వర్క్‌బుక్.
అనకాపల్లి డిపోలో తొమ్మిదేళ్లు టిక్కెట్లు కొట్టాను.
ముసలివాళ్ల మోచెయ్యి ఎక్కడ పట్టుకోవాలో
ఎక్కడ పట్టుకోకూడదో
బస్సు కుదుపే నేర్పింది.
ఇక్కడ దానికో యూనిట్ ఉంది,
వీడియో ఉంది, ఇరవై ప్రశ్నలున్నాయి,
లేపి కూర్చోబెట్టడానికి బొమ్మ మనిషి ఉన్నాడు.
వాడు మూలగడు.
వాడికి సిగ్గు లేదు.

"గౌరవం అంటే ఏమిటో మీ మాటల్లో, నూట యాభై పదాలు."
నాకు తట్టింది ఒకటే వాక్యం:
తువ్వాలు తీసేముందు తలుపు వెయ్యడం.
మిగతా పదాలన్నీ
తొమ్మిదో నంబరు బస్సులో పోగేశాను.

పరిశీలన రోజున గ్లెనిస్ వచ్చింది.
మూల తగిలించిన కోటులా నిలబడింది, చేతిలో ట్యాబ్.
"ఏ చొక్కా వేసుకుంటారు?" అన్నాను.
రోజూ ఆయన వేసుకునేది నీలం స్వెట్టరే,
అడగను, చెప్పడు.
ఆ రోజు మాత్రం చారల చొక్కా వద్దన్నాడు.
తెల్లదీ వద్దన్నాడు. మూడోదీ.
టీ అడిగి, కాదు కాఫీ అని,
ఆవిరి లేచాక మళ్లీ టీయే అన్నాడు.
"ఎంపిక చేసుకునే హక్కు" దగ్గర
గ్లెనిస్ టిక్కు మీద టిక్కు పెట్టింది.
చివరికి టై అడిగాడు,
నా వైపున్న కన్ను ఒక్కటే మూసి.

అలా ముప్పై నిమిషాల పని ముప్పై ఎనిమిదైంది.
ఆ ఎనిమిది నిమిషాలూ
పై వీధిలో మిసెస్ కె తడి పక్క మీదే ఉంది.
"ఈసారి అయితే ఏం వేరేగా చేస్తారు?"
అని ఆఖరి ప్రశ్న.
అక్కడ మిసెస్ కె గురించి రాయలేదు.
ఇక్కడ రాస్తున్నాను.

గ్లెనిస్ వెళ్లాక టై విప్పుతుంటే అడిగాడు:
"నన్నేమని రాస్తావు?"
చెప్పాను.
కాసేపు కిటికీలోకి చూశాడు.
"నలభై ఏళ్లు ఐస్‌లాండ్ నీళ్లలో వలలు లాగాను.
మా పడవక్కూడా పేరుండేది.
నాకు ఒక్క అక్షరమా?"

నియమం నియమమే.
అందుకని పుస్తకం అంచున, పెన్సిల్‌తో,
తెలుగులో రాశాను: విల్ఫ్రెడ్ వార్డిల్.
కళ్లజోడు సర్దుకుని చూశాడు.
తాడు కోసుకుపోయిన వేలితో
"డ్" నెత్తిన పొల్లుని తడిమి
"గాలం," అన్నాడు,
"బాగా వంచారు."

పుస్తకం దిద్దుతూ గ్లెనిస్ అడిగింది, ఈ ముగ్గేమిటని.
మా భాషలో నోట్సు అన్నాను.
అబద్ధమూ కాదు.
దాని పక్కనా ఒక టిక్కు పడింది.

మార్చిలో గోధుమరంగు కవరొచ్చింది.
గంటకి ముప్పై పెన్నీలు పెరిగాయి.
సర్టిఫికెట్ మీద నా పేరు పూర్తిగా ఉంది,
ఇంటిపేరులో మాత్రం ఒక అక్షరం తప్పు.
ఆయనకి చూపించాను.
తప్పు దగ్గర వేలు పెట్టి చాలాసేపు నవ్వాడు.

ఆ అంచున ఉన్న పేరు
గ్రిమ్స్‌బీలో చదవగలిగేది నేనొక్కదాన్నే.
ఇప్పుడు మీరూ చదివారు.
అంటే ఆ కాగితం మీద మీరూ సంతకం పెట్టినట్టే.
బయట ఎవరైనా అడిగితే
మిస్టర్ డబ్ల్యూ అనండి.