పదికి ఎన్ని

నాలుగు పేజీల ఫారం. నలభై ఒక్క ప్రశ్న.
ప్రతిదానికీ పదికి ఎన్నో వెయ్యాలి.
ఇరవై రెండేళ్ళు పిల్లలకి మార్కులేసిన చెయ్యే ఇది,
పుదుప్పేట బళ్ళో, తెలుగు మీడియం మిగిలిన ఒక్క సెక్షన్లో.
ఇవాళ మార్కులు ప్రభుత్వానికట.
ఎర్రసిరా వాడొద్దన్నారు.

ర్యాంపు ఉందా?
ఉంది. పోయినసారి లేదు, ఈసారి పోశారు.
సిమెంటు ఆరకముందే ఎవరిదో కుక్క నడిచిపోయింది,
నాలుగు అడుగులు, ఐదోది సగం.
ఏటవాలు ఎంతంటే
మునెయ్య చక్రాల కుర్చీని ముగ్గురం తోశాం,
దిగేటప్పుడు నలుగురం పట్టుకున్నాం.
ఏడు వేశాను.
తోసినవాళ్ళకి ఒకటి కలిపి ఎనిమిది చేశాను.
కొట్టేసి మళ్ళీ ఏడు.

యంత్రాల భద్రత?
దీనికి వంక పెట్టలేను.
లక్క కరిగిస్తూ ఆఫీసరు గారు వేలు కాల్చుకున్నారు.
ఆకుపచ్చ కాగితం సీలు మీద
ఒకరి మొహం ఒకరు చూడని ఏజెంట్లు
ఒకే పెన్ను అందుకుని సంతకాలు పెట్టారు.
గదికి రెండు తాళాలు, చెవులు రెండు జేబుల్లో,
తుపాకి, కెమెరా, కరెంటు పోతే జనరేటరు.
బయట కాపలా పడుకున్న మా తమ్ముడు చెప్పాడు,
ఒక రాత్రి గబ్బిలం ఎగిరితే
మూడు పార్టీలవాళ్ళూ లేచి కూర్చుని పుస్తకంలో రాయించారట:
రెండూ నలభైకి గబ్బిలం. లోపలికి పోలేదు.
పదికి పది.

ఓటర్ల జాబితా సక్రమంగా ఉందా?

కూవం ఒడ్డున నూటపన్నెండు గడపలుండేవి.
నా భాగం అది. గడప గడపా ఎక్కిదిగాను,
నాలుగిళ్ళకోసారి మంచినీళ్ళడిగి తాగాను.
ఇప్పుడక్కడ ఇనపకంచె, వేపమొక్కలు,
ప్రతి మొక్కకీ రేకు మీద ఒక నంబరు.
మొక్కల్ని ఎవరో జాగ్రత్తగా లెక్క రాసుకున్నారు.
మనుషుల్ని లారీలెక్కించి
పెరుంబాక్కంలో దింపారు.
నియమం ప్రకారం నేను కంచె దగ్గర నిలబడి
ఒక్కో పేరు పక్కన రాశాను:
ఇల్లు మారారు. ఇల్లు మారారు. ఇల్లు మారారు.
మారడం వేరు, మార్చడం వేరు.
అకర్మకం, సకర్మకం అని బోర్డు మీద రాసి
ఆరో తరగతికి ఏటా చెప్పేదాన్ని.
ఫారంలో ఒకటే గడి.

ఓటు రోజు పెంచలమ్మ వచ్చింది,
చీకటితోనే బయల్దేరి రెండు బస్సులు మారి.
కార్డు ఉంది, పాలకవరు కడిగి అందులో పెట్టుకుంది.
ఫోటో ఉంది. మనిషి ఉంది.
పేరు లేదు.
"అదేంది పంతులమ్మా, నా పేరు రాసింది నువ్వే గదా!"
నేనే తల్లీ. ఎక్కించిందీ నేనే, కొట్టేసిందీ నేనే.
కొత్త చోట రాయించుకోలేదా అన్నాను.
"ఆడికెవురూ రాలే. ఏడో మేడ. లిఫ్టు ఆడదు."
గొంతులో కోపం లేదు.
ఉంటే బాగుండేది, బదులు చెప్పేదాన్ని.
ఇంతదూరం వచ్చాను గదా అని
కూతురు చదివిన గదిని కిటికీలోంచి చూస్తానంది.
పిల్ల కూర్చున్న బెంచీ మీదే
అట్టల మాటున యంత్రం పెట్టారు.
పోలీసతను మర్యాదగానే పక్కకి జరగమన్నాడు.
జరిగింది.

ఆ గడి ఖాళీగా వదిలి ఫారం పంపాను.
మూడో రోజు తిరిగొచ్చింది, పెన్సిలుతో గుండ్రం చుట్టి:
ఖాళీ వదలరాదు.
కింద ఇంకో ప్రశ్నకీ గుండ్రం.
గతంతో పోలిస్తే: మెరుగు, యథాతథం, తగ్గుదల.
ర్యాంపు గుర్తొచ్చింది. గబ్బిలం గుర్తొచ్చింది.
మెరుగే. అబద్ధం కాదు.
టిక్కు పెట్టలేకపోయాను.

ఆదివారం కొత్త దరఖాస్తులు నూరు సంచీలో వేసుకుని
పెరుంబాక్కం బస్సెక్కాను.
అది నా భాగం కాదు, ఎవరూ పొమ్మనలేదు.
లిఫ్టు ఆడలేదు.
నాలుగో మేడకి మోకాళ్ళు మొరాయించాయి.
ఎదురుగా తలుపు తీసే ఉంది.
మంచినీళ్ళడిగాను.