తలల లెక్క

నల్లరాళ్లపాడు హాల్టు.
ప్లాట్‌ఫారం అనడానికి ఏమీ లేదు,
ఎర్రమట్టి మీద గులకరాళ్లు పరిచారు, అంతే.
జంక్షన్ ఆఫీసు నుంచి నన్ను పంపారు
మూడు రోజులు ఇక్కడే ఉండి
ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ లెక్కపెట్టమని.
కాగితం మీద రెండే గళ్లు.
"తలలు మాత్రమే రాయి," అన్నాడు పై ఆఫీసరు,
"కథలు రాయకు."

రెండు పెట్టెల బండి.
పొద్దున ఆరూ ఇరవైకి అటు, సాయంత్రం ఆరున్నరకి ఇటు.
మధ్యలో పట్టాలు మేకలవి.

మొదటి రోజు తొమ్మిది.
పలకల క్వారీకి పోయే ఆడవాళ్లు ఆరుగురు,
వేళ్ల సందుల్లో నిన్నటి దుమ్ము అట్లాగే ఉంది.
పాల క్యాన్లతో కోటిలింగం.
పాలిటెక్నిక్ కుర్రాడు, సీట్లన్నీ ఖాళీగా ఉన్నా
తలుపు దగ్గరే నిలబడతాడు.
తొమ్మిదో తల సువార్తమ్మ భుజాన నిద్రపోతోంది.
ఐదేళ్లు నిండలేదు, టికెట్ లేదు,
టికెట్ లేని తల తల కాదు.
కొట్టేశాను. ఎనిమిది.

హాల్టు ఏజెంటు నాసరమ్మ.
జంక్షనుకు పోయి సొంత డబ్బుతో టికెట్లు కొనుక్కొచ్చి
ఇక్కడ అమ్ముతుంది, కమిషను మీద.
నెలకెంత మిగులుతుందమ్మా అంటే
"టీకి వచ్చిద్ది సారూ, పంచదార అడక్కు" అంది.
ఆమె లెక్కంతా పలక మీద.
చట్రం ఊడితే రిబ్బను చుట్టింది.
రాత్రికి తడిగుడ్డతో తుడిచేస్తుంది.

రెండో రోజు నలభై మూడు!
నేనెందుకొచ్చానో ఊళ్లో ఎవరో చెప్పేశారు.
ఇస్త్రీ చొక్కాలో ఉపసర్పంచి,
చేతికర్రలతో ముగ్గురు ముసలాళ్లు,
పొగాకు బారన్ కూలీలు, బడి ఎగ్గొట్టిన పిల్లలు,
అందరూ టికెట్ కొని ఎక్కారు.
తర్వాతి స్టేషన్లో దిగి
ఏడు కిలోమీటర్లు కట్టవెంట నడిచి తిరిగొచ్చారు,
చెప్పులు చేతబట్టుకుని కొందరు, ఒకరినొకరు తోసుకుని నవ్వుకుంటూ.
నేను బోరింగు దగ్గర మొహం కడుక్కుంటున్నట్టు నటించాను.
నలభై మూడు, సిరాతో రాశాను.
అబద్ధమేముంది? ఒక్కో తలా ఎక్కింది.

మూడో రోజు ఏడుగురు.
కాళ్లనొప్పులో, చేతిలో డబ్బులైపోయాయో.
క్వారీకి ఒకామె రాలేదు, జ్వరమట.

ఆ రాత్రి బడి వరండాలో నాకు
పచ్చిపులుసూ కందిపప్పూ పెడుతూ అడిగింది నాసరమ్మ:
"తీసేస్తారా?"
నాకు తెలియదన్నాను.
తెలుసు. ఆ ఫైలు మొదటి పేజీ
నెల కిందటే నా చేతులే టైపు చేశాయి.
బస్సు వేస్తారట కదా అన్నాను, మెల్లగా.
"వానొస్తే బస్సు వాగు దాటదు సారూ.
రైలుకు వంతెనుంది."
ఇంకొంచెం పప్పు వేసింది.
వద్దనలేకపోయాను.

నాలుగో పొద్దున తిరుగు ప్రయాణం.
జేబులో డ్యూటీ పాస్ ఉంది,
అయినా టికెట్ అడిగాను.
పలక మీద మొదటి గీత నాది.
నాలుగో రోజు లెక్కలో లేదు,
కాబట్టి నేనూ లేను.

బండి కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చింది,
చీరకొంగున ముడి విప్పుతూ.
"రేపు జంక్షనుకు వస్తన్నా.
ఎన్ని టికెట్లు తెచ్చుకోమంటావు?"

వారానికా, నెలకా, అసలు వద్దా,
ఇంత చిన్న ప్రశ్న ఆ ఫైల్లో ఎక్కడా లేదు.
"ఎప్పట్లాగే తెచ్చుకో" అన్నాను.
ఆ మాట అనే హోదా నాకు లేదు.

కూత వేసింది.
కంది చేలో ఒకామె నడుమెత్తి బండిని చూసి,
టైము అయిందనుకుందేమో,
సద్దిమూట విప్పి కూర్చుంది.

కాగితం తీశాను.
ఆమె ఎక్కలేదు.
దిగలేదు.